బిరేకు లేని బండి మీద గెలిచిండు.. బిరేకులున్న సడక్ మీద పోయిండు

తమ్ముడూ, ఫోన్ పక్కకు పెట్టుమని చెప్పుడు లేదు. ఆ ఫోన్లనే చదువు, పది నిమిషాలు చాలు.

పొద్దుగూకినంక కోరుట్లకెళ్ళి జగిత్యాల పోయే సడక్ మీద జెర సేపు నిలబడి చూడు. ఒక్క బండి మీద ముగ్గురు పోతుంటరు. నడుపుతున్నోడు హ్యాండిల్ ఇడిసి రెండు చేతులు చాపుతడు. నడుమ కూసున్నోడు కేకలేస్తడు. వెనుకోడు వీడియో తీస్తుంటడు. ముందట టెయిల్ లైట్ లేని పసుపు ట్రాక్టర్ పోతుంటది. ఎదురుంగ లారీ వస్తుంటది. వాండ్ల అదృష్టం బాగుంటే వీడియో వస్తది. బాగలేకుంటే ఊరి గ్రూపుల ఫోటో వస్తది, పూలదండతోని.

నేను పదో తరగతి తప్పి కొన్నేండ్లు మెకానిక్ దుకాణంల పానాలు అందిచ్చినోన్ని. గుద్దుకున్న బండ్లు మా దుకాణానికే వచ్చేటియి. వంగిన ఫోర్కు సాపుచేస్తుంటిమి, పగిలిన ట్యాంకు మారుస్తుంటిమి. బండి తీసుకపోవుటానికి పిలగాడు వస్తే మాకు సంబురం. వాని నాయిన వస్తే మాత్రం ఏమీ అడుగకపోదుం. పైసలు తీసుకొని తల దించుకునేది. ఆ తల దించుడే ఇయ్యాల్టి ఈ రాతకు మొదలు.

మన పోరగాండ్లకు భయం లేదని పెద్దమనుషులు తిడుతరు. నేను తిట్టను. భయం లేకపోవుడు కూడ ఒక గుణమే. ఆ గుణం ఎక్కడ ఖర్చయితుంది అన్నదే నా ప్రశ్న. అందుకే మీకు ఒక పోరగాని బతుకు చెప్పాలె. వాడు మనోడు కాదు, మన దేశపోడు కూడ కాదు. చచ్చి ఎనభై ఏండ్లు దాటింది. గని వాని బతుకు చదివితే మన సడక్ యాదికొస్తది.

వాని పేరు ఆర్థర్ జార్జ్ విల్కిన్సన్. లోకం వాన్ని బ్లూయీ విల్కిన్సన్ అని పిలిచింది. బ్లూ అంటే నీలం గదా. వాని జుట్టేమో ఎర్రటిది. ఆస్ట్రేలియాల ఎర్రజుట్టోన్ని నీలమని పిలుసుడు ఒక ఎగతాళి అలవాటు. మన దిక్కు బక్కోన్ని పహిల్వాన్ అన్నట్టు.

జాతరల పుట్టిన ఆట

బ్లూయీ ఆడిన ఆటను స్పీడ్‌వే అంటరు. మన దిక్కు ఈ ఆట లేదు. మనకు తెలిసింది జాతరల మౌత్ కా కువా ఒక్కటే. చెక్కల బాయిల బండి గిరగిర తిరుగుతుంటే పైకెళ్ళి నోట్లు చాపుతం. దానికీ స్పీడ్‌వేకూ ఫరక్ ఉన్నది. అది తమాషా, ఇది పోటీ.

కోడిగుడ్డు ఆకారంల ఒక మట్టి ట్రాక్. చుట్టు కొలత మూడు నాలుగు వందల మీటర్లు. ఒక్క పోటీల నలుగురే, నాలుగే చుట్లు. నిమిషం, నిమిషంబావుల ఆట ఖతం. అందరు గడియారం ముల్లుకు ఉల్టా తిరుగుతరు, అంటే మలుపులన్ని ఎడమ దిక్కే. ఐదు వందల సీసీ ఇంజను, ఒక్కటే గేరు. అసలు ముచ్చట ఏందంటే, ఆ బండికి బిరేకులు ఉండయి. ముందట లేదు, వెనుక లేదు.

మరి మలుపు కాడ ఎట్ల? బండిని పక్కకు వంచి, వెనుక చక్రాన్ని కావాలని జారగొట్టి, ఆ జారుడు మీదనే మలుపు తిప్పుతరు. ముందటి చక్రం కుడి దిక్కు చూస్తుంటది, బండి ఎడమకు తిరుగుతుంటది. ఎడమకాలు బూటుకు ఇనుప తొడుగు ఏసుకొని ఆ కాలు మట్టి మీద ఆనిస్తరు. బండి అదుపు అంతా యాక్సిలేటర్ తిప్పే మణికట్టుల ఉంటది. ఒక్క వెంట్రుకంత ఎక్కువైతే కంచెకు గుద్దుకుంటడు, తక్కువైతే వెనుకోడు దాటిపోతడు.

ఈ ఆట ఎక్కడ పుట్టింది అన్నదానికి చాన మంది చెప్పే జాగ ఆస్ట్రేలియాల వెస్ట్ మెయిట్‌లాండ్ అనే ఊరు. అంతకుముందు కూడ మట్టి మీద బండ్ల పోటీలు ఉండె. గని 1923 డిసెంబర్‌ల ఆ ఊరి వ్యవసాయ ప్రదర్శన మైదానంల కరెంటు దీపాల ఎలుగుల పెట్టిన బండ్ల పోటీతోనే ఈ ఆటకు జనం పట్టిండ్రు. పెట్టిచ్చింది జానీ హాస్కిన్స్ అనే వ్యవసాయ సంఘం కార్యదర్శి. అంటే ఎడ్లు, గొర్లు, పంటలు చూపిచ్చుకునే జాగల బండ్లు ఉరికినయి. రైతుల జాతరల పుట్టిన ఆట ఇది. నాకు అందుకే దగ్గరి ఆట అనిపిస్తది.

కసాయి దుకాణం పోరడు

బ్లూయీ 1911 ఆగస్టు 27న పుట్టిండు. ఊరి పేరు మిల్‌థార్ప్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంల చిన్న ఊరు. పెరిగింది అక్కడికి దగ్గరి బాథర్స్ట్ పట్నంల. పట్నం అంటే సిడ్నీ అసొంటిది కాదు. సిడ్నీకి రెండు వందల కిలోమీటర్ల దూరంల, కొండలు దాటినంక వచ్చే ఊరు. మన సిరిసిల్లకు హైదరాబాద్ ఎట్లనో, జెర అట్ల.

ఇంట్ల ఆస్తి లేదు. పెద్ద చదువు లేదు. కసాయి దుకాణంల పనికి కుదిరిండు. 1928ల స్పీడ్‌వే బాథర్స్ట్‌కు వచ్చినప్పుడు వానికి పదహారు, పదిహేడేండ్లు. పేరున్నోళ్ళు మంచి బండ్లు పట్టుకొని వచ్చిండ్రు. వీడు పాత బండితోని దిగిండు. దిగి, నలుగుర్ల కనబడ్డడు.

ఇక్కడ ఒక్క మాట పట్టుకోండ్రి. ఆ ఊర్ల ఆట కోసం జాగ ఉండె. కంచె ఉండె, జెండా ఊపేటోడు ఉండె, గెలిచినోన్ని రాసుకునేటోడు ఉండె. కసాయి దుకాణం పోరని చేతిల కళ ఉన్నదని లోకానికి తెలిసింది ఆ జాగతోనే. ఆ జాగ లేకుంటే వాడు కూడ మాంసం పొట్లాలు పంచుకుంట సడక్ మీద స్పీడు కొట్టుకుంట, ఊరోళ్ళ తిట్లు పడుకుంట ఉండేటోడే.

బాథర్స్ట్‌కెళ్ళి సిడ్నీ పోయిండు. సిడ్నీకెళ్ళి ఓడ ఎక్కి ఇంగ్లండ్ పోయిండు. అప్పటికి ఇంగ్లండ్‌ల ఈ ఆట కొత్తగ అంటుకున్నది. 1928 ఫిబ్రవరిల లండన్ పక్కన హై బీచ్ అనే జాగల పోటీ పెడితే అనుకున్నదానికంటె ఎన్నో రెట్లు జనం ఎగబడ్డరు. అంతే, ఊరూర ట్రాకులు లేసినయి. ఆస్ట్రేలియా పోరగాండ్లకు గిరాకి పెరిగింది. ఇరవై ఏండ్లు కూడ నిండని పోరడు సముద్రం దాటి పనికి పోయిండంటే మన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల అవ్వలకు ఎవ్వలూ వివరం చెప్పనవసరం లేదు. మన ఇండ్లల్ల దుబాయి, మస్కట్, బహరేన్ పోయినోళ్ళ ఫోటోలు గోడకు ఉన్నయి. పోయేటప్పుడు వాని సంచిల ఏముంటదో, వాని కడుపుల ఏ భయం ఉంటదో మనకు ఎరుకే.

డాకు కూలీల మధ్య

లండన్‌ల బ్లూయీ చేరిన జట్టు వెస్ట్ హామ్. జనం ఆ జట్టును హామర్స్, అంటే సుత్తెలు అని పిలిచేటోళ్ళు. వాండ్ల మైదానం కస్టమ్ హౌస్ అనే జాగల, లండన్ తూర్పు దిక్కు, ఓడలు ఆగే డాకుల పక్కన. ఆ జట్టును కొన్నేండ్లు నడిపిచ్చింది ఎవలో తెలుసా? ఆస్ట్రేలియా జాతరల ఈ ఆట పెట్టిచ్చిన జానీ హాస్కిన్సే.

చూసే జనం ఎవలు? డాకుల్ల మూటలు మోసేటోళ్ళు, కార్ఖానాల పనిచేసేటోళ్ళు, వాండ్ల ఇంటి ఆడోళ్ళు, పిల్లలు. డాకు కూలి పొద్దుగాల్నే గేటు కాడ నిలబడాలె. మేస్త్రి ఏలు చూపిస్తే ఆ పూటకు పని. లేకుంటే ఉత్త చేతులతోని ఇంటికి. మన లేబర్ అడ్డా అసొంటిదే. పైగ అది ఆర్థిక మాంద్యం కాలం. 1932 నాటికి బ్రిటన్‌ల పని లేనోళ్ళు ముప్పై లక్షల దాక చేరిండ్రు. పొద్దంత ఎవని ముందటనో వంగిన మనిషి, రాత్రి దీపాల ఎలుగుల తనసొంటి పోరడే బిరేకులు లేని బండి మీద ఎవ్వనికి వంగకుంట తిరుగుతుంటే చూసి పానం తేలిక చేసుకునేటోడు. ఆ గుంపులకు బ్లూయీ సొంత కొడుకైండు. కసాయి దుకాణం పోరడని వాండ్లకు తెలుసు. కొత్త జట్టు పిలిచిందని వాడు అటు ఇటు ఉరుకలే. ఆ సుత్తెల జట్టులనే ఉన్నడు. 1937ల వెస్ట్ హామ్ నేషనల్ లీగ్ గెలిచినప్పుడు జట్టుకు పెద్ద దిక్కుల వాడు ఒకడు.

పైసల ముచ్చట కూడ చెప్పాలె. స్పీడ్‌వే ఆటగానికి జీతం నెలకింత అని కాదు. బండి గేటు కాడ నిలబెడితే ఇంత, గెలిచిన పాయింటుకు ఇంత. మొదటోనికి మూడు పాయింట్లు, రెండోవానికి రెండు, మూడోవానికి ఒకటి, నాలుగోవానికి సున్న. కిందపడితే కూడ సున్న. చెయ్యి ఇరిగి ఇంట్ల పండుకుంటే రూపాయి పుట్టది. సిరిసిల్ల సాంచాల మీద పనిచేసే అన్నకు ఇది సమజైతది. సాంచె నడిస్తే మీటరు లెక్కల కూలి. కరెంటు పోతే, ఆర్డర్ లేకుంటే, నడుము పట్టుకుంటే ఏం లేదు. కోరుట్ల బీడీల అక్కకు కూడ సమజైతది. వెయ్యికి ఇంత. ఆకు ఖరాబుదైతే తట్టల్నే తీసేస్తరు. బ్లూయీకి ఆ డాకు కూలీలకంటె మస్తు ఎక్కువ పైసలు వచ్చినయి, అబద్ధమాడవద్దు. గని లెక్క మాత్రం అదే లెక్క. ఒళ్ళు నడిస్తేనే కూలి.

ఓడకుంట ఓడిన రాత్రి

1936ల మొదటిసారి స్పీడ్‌వేల ప్రపంచ ఛాంపియన్ పోటీ పెట్టిండ్రు. ఫైనల్ సెప్టెంబర్ 10న, లండన్ వెంబ్లీ స్టేడియంల. డెబ్బై వేల మందికి పైనే జనం. పదహారు మంది ఆటగాండ్లు. ఒక్కొక్కరికి ఐదు పోటీలు. ఎట్ల అమర్చిండ్రంటే, ప్రతి ఒక్కడు మిగిలిన పదిహేను మందితోని ఒక్కొక్కసారి తలపడాలె. ఐదింటికి ఐదు గెలిస్తే పదిహేను పాయింట్లు.

బ్లూయీ ఐదింటికి ఐదు గెలిచిండు. పదిహేనుకు పదిహేను. ఆ రాత్రి వాని ముందట ఎవ్వడు గీత దాటలే.

గని ప్రపంచ ఛాంపియన్ కాలే.

ఎట్లంటరా? అదే రూలు మహిమ. ఆ ఏడు ఫైనల్‌కు ముందు వేరే వేరే ట్రాకుల మీద ఎంపిక పోటీలు జరిగినయి. అక్కడ సంపాదిచ్చిన పాయింట్ల లెక్కన ఒక్కొక్కరికి బోనస్ పాయింట్లు ఇచ్చిండ్రు. ఆ బోనస్ మూట నెత్తిన పెట్టుకొనే అందరు ఫైనల్‌కు వచ్చిండ్రు. బ్లూయీ మూటల పది ఉండె. లయొనెల్ వాన్ ప్రాగ్ మూటల పన్నెండు, ఎరిక్ లాంగ్టన్ మూటల పదమూడు. ఆ రాత్రి వాన్ ప్రాగ్ పద్నాలుగు తెచ్చిండు, లాంగ్టన్ పదమూడు తెచ్చిండు. కూడితే ఇద్దరికీ ఇరవై ఆరు. బ్లూయీకి పది, పదిహేను కలిపి ఇరవై ఐదు. ఒక్క పాయింటు తక్కువ. ఇరవై ఆరు ఉన్న ఇద్దరికి మల్ల ఒక్క పోటీ పెట్టిండ్రు. వాన్ ప్రాగ్ గెలిచి మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యిండు. ఆ ఇద్దర్ని అదే రాత్రి ఓడగొట్టిన బ్లూయీ, వాండ్లిద్దరు మల్ల ఉరుకుతుంటే పక్కకు నిలబడి చూసిండు. వానికి దక్కింది మూడో జాగ.

వాన్ ప్రాగ్‌ను నేను తప్పు పట్టను. వాడు కూడ ఆస్ట్రేలియా పోరడే, గట్టి మనిషి. తర్వాత యుద్ధంల 1942ల వాని విమానాన్ని జపానోళ్ళు కూలగొడితే, సముద్రంల గంటల కొద్ది తోటోళ్ళను మునుగకుంట పట్టుకొని కాపాడి జార్జ్ మెడల్ తెచ్చుకున్నడు. కొట్లాట మనిషితోని కాదు, రూలుతోని.

ఆ రూలు రాసినోళ్ళ దగ్గర కూడ ఒక సాకు ఉంటది. ఒక్క రాత్రి అదృష్టం కాదు, ఏడాది కష్టం కూడ లెక్కలకు రావాలె గదా అంటరు. ఇనుటానికి బాగనే ఉంటది. గని అసలు ఫైనల్ ఎందుకు పెట్టిండ్రు? ఎవడు గొప్పోడో ఎదురెదురుంగ తేల్చుటానికే గదా. తేలింది. తేలినదాన్ని కాయితం మల్ల తిప్పింది. మన బతుకుల ఇది కొత్తనా? కష్టం చేసినోడు ఒక్కడు, లెక్క రాసేటోడు ఇంకొకడు. మార్కులు వచ్చినా ఏదో కాయితం లేదని సీటు పోయిన పిలగాండ్లు మన ఊర్లల్ల లేరా? మైదానంల గెలిచి కాయితం మీద ఓడుడు మనకు బాగ ఎరుక.

మరి బ్లూయీ ఏం చేసిండు? బండి పారేసి పోలే. తెల్లారి మల్ల గేటు కాడ నిలబడ్డడు.

ఇరిగిన బొక్కతోని

1937 ఫైనల్‌ల అమెరికా పోరగాండ్లు ఊడ్చుకపోయిండ్రు. జాక్ మిల్న్ మొదటోడు, విల్బర్ లామరూ రెండోవాడు, జాక్ తమ్ముడు కార్డీ మిల్న్ మూడోవాడు. మూడు జాగలు ఒక్క దేశానికే. బ్లూయీ పని అయిపోయిందని అనుకునేటోళ్ళకు మోకా దొరికింది.

1938 సెప్టెంబర్ 1. మల్ల వెంబ్లీ. ఈసారి జనం తొంభై వేలకు పైమాటే. సరిగ్గ ఫైనల్‌కు ముందే బ్లూయీ పడ్డడు. భుజం ముందటి బొక్క, కాలర్ బోన్ అంటరు గదా, అది ఇరిగింది. స్పీడ్‌వే బండి మీద ఆ బొక్క ఎంత పనిచేస్తదో బండి తోలేటోనికి చెప్పనవసరం లేదు. వెనుక చక్రం జారుతుంటే హ్యాండిల్ గుంజుడంత భుజాల మీదనే పడుతది. ఆ భుజానికి గట్టిగ కట్టు కట్టిచ్చుకొని వచ్చి నిలబడ్డడు.

ఆ రాత్రి కూడ బోనస్ రూలు అట్లనే ఉండె. ఒక్కొక్క పోటీ అయితుంటే ఒక్కొక్క పాయింటు లెక్క. ఆఖరికి తేలింది ఏందంటే, బ్లూయీకి ఇరవై రెండు, జాక్ మిల్న్‌కు ఇరవై ఒకటి. రెండేండ్ల కింద ఒక్క పాయింటుతోని పోయింది ఒక్క పాయింటుతోనే వచ్చింది. కసాయి దుకాణం పోరడు ప్రపంచ ఛాంపియన్ అయ్యిండు. వానికి అప్పుడు ఇరవై ఏడేండ్లు నిండి ఐదు దినాలు.

ఇరిగిన బొక్కతోని ఆడుడు గొప్ప అని నేను మీకు నేర్పుతలేను. ఆడకుంటే పైసలు లేని, ఆడకుంటే మల్ల ఎప్పుడు మోకా వస్తదో తెలువని బతుకు వానిది. కూలోడు జరంతోని కూడ పనికి పోతడు. దాన్ని మనం ధైర్యం అని పొగిడి చేతులు దులుపుకుంటం. ధైర్యమే, కాదనను. గని ఆ ధైర్యం ఎనుక గతిలేనితనం కూడ ఉంటది. రెండూ చూడాలె.

సడక్ మీద

గెలిచినంక బ్లూయీ తెలివైన పని చేసిండు. ట్రాక్ మీద పానం పోయినోళ్ళను, కాళ్ళు చేతులు పోయినోళ్ళను వాడు కండ్లార చూసిండు. ఛాంపియన్‌గ ఉన్నప్పుడే ఆడుడు ఇడిసి, ఆట నడిపిచ్చే దిక్కుకు మళ్ళిండు. 1939 ప్రపంచ ఫైనల్ సెప్టెంబర్‌ల ఉండె. ఆ నెల మొదట్లనే యుద్ధం మొదలై పోటీ రద్దయ్యింది. వాడు ఆస్ట్రేలియాకు వాపస్ వచ్చిండు.

1940 జులై 27. సిడ్నీ. ట్రాక్ కాదు, మామూలు సడక్. పోటీ కాదు, మామూలు ప్రయాణం. బ్లూయీ మోటార్‌సైకిల్ మీద పోతుండగ ప్రమాదమై చచ్చిపోయిండు. ఇంకొక్క నెల అయితే ఇరవై తొమ్మిదేండ్లు నిండేటియి.

పదేండ్లు బిరేకు లేని బండి మీద, ముగ్గురు శత్రువుల నడుమ, జారుడు మట్టి మీద, ఇరిగిన బొక్కతోని కూడ బతికొచ్చిన మనిషి. బిరేకులున్న బండి మీద, పట్నం సడక్ మీద పోయిండు. వానికంటె బండి మీద చెయ్యి తిరిగినోడు ఆనాడు భూమి మీద ఇంకొకడు లేడని కాయితాలే చెప్తున్నయి. అసొంటోన్నే సడక్ ఇడిసిపెట్టలే.

ఎందుకో ఆలోచించు తమ్ముడూ. ట్రాక్ మీద నలుగురే ఉంటరు, నలుగురూ ఒక్క దిక్కే తిరుగుతరు. ఎదురుంగ ఎవడూ రాడు. బర్రె అడ్డం రాదు. లైటు లేని ట్రాక్టర్ ఉండది. సందుల్లకెళ్ళి స్కూలు పిల్ల ఉరికి రాదు. పడితే ఎర్ర జెండా ఊపి పోటీ ఆపుతరు. డాక్టర్ గేటు కాడ్నే ఉంటడు. సడక్ మీద ఇండ్ల ఒక్కటి కూడ లేదు. సడక్ మీద నీ చెయ్యి ఎంత తిరిగినా, ఎదుటోని చెయ్యి నీ అదుపుల ఉండది. నీ స్పీడు లెక్క నీకు తెలుసు, వాని కునుకు లెక్క నీకు తెలువది. 2018ల కొండగట్టు ఘాట్ మీద బస్సు పడి అరవై మందికి పైన పోయిన జిల్లా మనది. సడక్ ఎంత నిర్దయదో మనకు ఇంకొకడు చెప్పాల్నా?

జాగ ఎవరియ్యాలె?

ఇగ పెద్దమనుషులతోని ఒక్క ముచ్చట. పోరగాండ్లను తిట్టుడు అల్కటి పని. మరి వాండ్లకు ఏం జాగ ఇచ్చినం? మా దిక్కు కొన్ని ఊర్లల్ల ఆట మైదానం అని బోర్డు ఉంటది, బోర్డు వెనుక మోకాలెత్తు గడ్డి ఉంటది. బళ్ళె పీటీ సారు ఉండడు. చెరువు శిఖం కబ్జా, గుట్ట క్వారీ. పదెకరాల ప్లాట్లు పడుతయి, అండ్ల ఎకరం మైదానం పడది. ఆఖరికి పోరనికి దొరికిన సాపు నేల నేషనల్ హైవే ఒక్కటే. వాడు అక్కడ్నే ఆడుతడు. అక్కడ్నే పడుతడు.

మోటార్ ఆట అనంగనే పైసలున్నోళ్ళ ముచ్చట అనుకుంటం. నిజమే, ఇయ్యాల మన దేశంల అట్లనే అయ్యింది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దిక్కు రేసు ట్రాక్ ఉంది, కోయంబత్తూరుల కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. జగిత్యాల పోరడు అక్కడికి పోవాలంటే బండి, బూట్లు, తొడుగులు, రైలు కిరాయి అన్ని లెక్క. గని స్పీడ్‌వే మొదలైంది ఎట్ల? గొర్లు, ఎడ్లు చూపిచ్చుకునే మైదానంల. మట్టి, గట్టి కంచె, దీపాలు, జెండా పట్టుకున్న మనిషి, పక్కన డాక్టర్. జిల్లాకు ఒక్క మట్టి ట్రాక్, నేర్పేటోడు ఒక్కడు, పద్ధతి ప్రకారం తొడుగులు, అంబులెన్స్. ఇది అడుగుడు అత్యాశ కాదు. అదీ కాదంటే కనీసం కబడ్డీకి, వాలీబాల్‌కు, ఉరుకుటానికి గడ్డి లేని నేల ఇయ్యిండ్రి. పోరగాండ్ల ఉడుకు రక్తానికి ఎక్కడో ఒక్క తోవ చూపకుంటే అది సడక్ మీదనే పారుతది.

తమ్ముళ్ళూ, మీకూ ఒక్క ముచ్చట. జాగ వచ్చేదాక పానం ఆపుకోండ్రి. హెల్మెట్ పోలీసోని కోసం కాదు. బ్లూయీ అసొంటోడే సడక్ మీద గెలువలే. మనమెంత? మీ ఉడుకంత జాగ అడుగుట్ల చూపెట్టుండ్రి. గ్రామసభల లేసి నిలబడి మైదానం ఏదని అడుగుటానికి కూడ గుండె కావాలె. హ్యాండిల్ ఇడిసేదానికంటె అదే ఎక్కువ గుండె అని నేను అంట. వందమంది పోరగాండ్లు ఒక్క కాయితం మీద సంతకం పెట్టి గ్రామసభకు పోతే, ఎవడు బుకాయిస్తడో చూద్దాం.

ఆఖరికి ఒక్కటి. యుద్ధం అయిపోయినంక 1949ల ప్రపంచ పోటీ మల్ల మొదలైంది. ఆ ఏడు బోనస్ మూటలు లేవు. ఫైనల్ రాత్రి ఎవడు గెలిస్తే వాడే ఛాంపియన్. ఇంగ్లండ్ ఆటగాడు టామీ ప్రైస్ ఐదింటికి ఐదు గెలిచి, పదిహేనుకు పదిహేను తెచ్చి కిరీటం పెట్టుకున్నడు. పదమూడేండ్ల కింద బ్లూయీ తెచ్చింది కూడ ఆ పదిహేనే. అప్పుడు దానికి మూడో జాగ వచ్చింది, ఇప్పుడు కిరీటం వచ్చింది. అంటే రూలు దేవుడు రాసింది కాదు, మనుషులు రాసింది. మారుతది. మారినప్పుడు చూసుటానికి బ్లూయీ లేడు.

మన ఊర్ల మైదానం వచ్చిననాడు చూసుటానికి మీరు ఉండాలె. అందుకే అంటున్న, బండి మెల్లగ నడుపుండ్రి.